వైజాగ్‌లో షెల్టీని పెంచుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

షెట్లాండ్ షీప్‌డాగ్‌ని పెంచేవాళ్లంతా ముద్దుగా షెల్టీ అంటారు. మా ఇంట్లోనూ ఒకటుంది. సాయంత్రం దాన్ని నడిపించడానికి తీసుకెళ్తే దారిలో ఆపి అడిగేవాళ్లు ఎక్కువ. కొత్తగా పిల్లని తెచ్చుకున్నవాళ్లు ఫోన్ చేసి మరీ అడుగుతుంటారు. ఎక్కువమందికి వచ్చే సందేహాలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవీ. ఆరోగ్యం విషయంలో మాత్రం చివరి మాట మీ వెటర్నరీ డాక్టరుదే.

ఇది కోలీ పిల్లేనా? పెద్దయ్యాక ఇంకా పెరుగుతుందా?

కాదు. కోలీ అంటే చూడ్డానికి ఇలాగే ఉండే, ఇంకా పెద్ద గొర్రెల కాపరి కుక్క. ఇది వేరే జాతి. స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్లాండ్ దీవులు దీని పుట్టిల్లు. ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ 1909లో దీన్ని 'షెట్లాండ్ కోలీ' పేరుతో గుర్తించింది. కోలీ పెంపకందారులు ఒప్పుకోకపోవడంతో 1914లో పేరు షెట్లాండ్ షీప్‌డాగ్‌గా మారింది. భుజం దగ్గర ఎత్తు 13 నుంచి 16 అంగుళాలు. బరువు సాధారణంగా 7 నుంచి 11 కిలోల మధ్య ఉంటుంది. బాగా చూసుకుంటే 12 నుంచి 14 ఏళ్లు బతుకుతుంది.

చలిదేశపు కుక్క కదా, మన ఉక్కపోతకి తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. కాకపోతే దాని రోజంతా మన వాతావరణానికి తగ్గట్టు మార్చుకోవాలి. విశాఖలో ఎండ ఒక్కటే అయితే ఇంత ఇబ్బంది లేదు. ఇబ్బందంతా గాల్లో తేమతోనే. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, ప్రధానంగా నాలుక బయటపెట్టి ఒగర్చడంతోనే చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఎంత ఒగర్చినా వేడి సరిగ్గా దిగదు. అందుకే థర్మామీటరులో 34 డిగ్రీలే చూపించినా మే నెలలో మన షెల్టీ నీరసపడిపోతుంది.

మార్చి నుంచి జూన్ దాకా నడక తెల్లవారుజామున, ఎండ ముదరకముందే అయిపోవాలి. మళ్లీ సాయంత్రం పొద్దుపోయాక. సాయంత్రం ఆరింటికి ఎండ తగ్గినా తారురోడ్డు వేడి తగ్గదు. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. మధ్యాహ్నం ఫ్యాను కింద, నేల మీద పడుకోనివ్వండి. మెత్తటి పరుపు వేసినా అది వదిలేసి బాత్‌రూమ్ గుమ్మంలో చల్లటి టైల్స్ మీద బోర్లా పడుకుంటుంది, దాన్ని లేపకండి. కరెంటు పోతే తడిగుడ్డతో పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు తుడవండి.

విపరీతంగా ఒగరుస్తూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ఎర్రబడి తూలుతుంటే అది వడదెబ్బ. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది, 104 దాటిందంటే ప్రమాదం. వెంటనే మామూలు కుళాయి నీళ్లు ఒంటి మీద పోసి, ఫ్యాను పెట్టి, తడిపిన ఒంటితోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తడి టవల్ కప్పి ఉంచకండి, లోపలి వేడి బయటికి పోదు.

వేసవిలో గుండు చేయిస్తే చల్లగా ఉంటుందని అందరూ అంటున్నారు. చేయించనా?

దయచేసి చేయించకండి. షెల్టీకి రెండు పొరల బొచ్చు. పైన పొడవుగా, నిటారుగా, కాస్త గరుగ్గా ఉండేది ఒకటి. లోపల దూదిలా మెత్తగా, దట్టంగా ఉండేది ఇంకొకటి. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. చలికి పనికొచ్చేది లోపలి పొర. మన ఊళ్లో తీసేయాల్సింది ఆ లోపలి పొరలో రాలిపోయి చిక్కుకున్న బొచ్చుని, అదీ దువ్వెనతో. మిషన్ పెట్టి గొరిగితే రెండూ పోతాయి, తిరిగి వచ్చేటప్పుడు లోపలిది ముందు వచ్చేసి పైది అతుకులతుకులుగా మిగిలే అవకాశం ఉంది. కొన్నింటికి మళ్లీ పూర్వపు బొచ్చు రానే రాదు.

అరికాళ్ల మధ్య వెంట్రుకలు, తోక కింద మలం అంటుకునే చోటు, కాళ్ల వెనక మరీ పొడుగ్గా వేలాడే కుచ్చు, వీటిని కత్తెరతో సరిచేయించుకోవచ్చు. గ్రూమింగ్ షాపుకి తీసుకెళ్తే ఈ మాట ముందే స్పష్టంగా చెప్పండి. 'సమ్మర్ కట్' అనగానే తల ఊపి వచ్చేయకండి.

దువ్వడం ఎలా? రోజూ దువ్వాలా?

రోజూ ఓ ఐదు నిమిషాలు పైపైన, వారానికి రెండుసార్లు తీరిగ్గా కూర్చుని మొత్తం. పిన్ బ్రష్ (పొడుగు పిన్నులు దూరదూరంగా ఉండేది), స్లికర్ బ్రష్ (సన్నటి వంపు తీగలు దగ్గరదగ్గరగా ఉండేది), సన్నపళ్ల స్టీల్ దువ్వెన ఉంటే చాలు. పొడి బొచ్చు మీద బ్రష్ పెడితే వెంట్రుక మధ్యకి తెగుతుంది, అందుకే ముందు స్ప్రే బాటిల్‌తో నీళ్లు మంచులా చల్లండి.

పక్కకి పడుకోబెట్టి, ఎడమచేత్తో బొచ్చుని పైకి ఎత్తిపట్టి, చర్మం కనిపించేలా ఒక పాయ తీయండి. మన ఆడపిల్లలకి జడ వేసేముందు పాపిడి తీస్తామే, అలాగ. ఆ పాపిడి దగ్గర నుంచి కొసల దాకా కొంచెం కొంచెంగా కిందికి దించుతూ దువ్వండి. ఒక వరస అయ్యాక ఒక అంగుళం పైన ఇంకో పాపిడి. పొట్ట నుంచి వెన్ను దాకా ఇలా వెళ్లాలి. పైపైన బ్రష్ లాగితే చూడ్డానికి నున్నగా ఉంటుంది కానీ చర్మం దగ్గర ఉండ కట్టేస్తుంది, మన తేమలో ఆ ఉండ కింద చర్మం పాసిపోతుంది.

ఉండలు ముందుగా కట్టే చోటు చెవుల వెనక. వేలితో తడిమితే అక్కడి బొచ్చు పట్టులా మెత్తగా ఉంటుంది, అందుకే తొందరగా చిక్కుపడుతుంది. తర్వాత చంకలు, తొడల వెనక, మెడపట్టీ కింద. చిక్కుని దువ్వెనతో లాగకండి. కాస్త కార్న్‌ఫ్లోర్ (తెల్లటి మొక్కజొన్న గంజిపొడి) చల్లి, మొదలు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, కొస నుంచి విడదీసుకుంటూ రండి. నొప్పి తెలిసిందంటే రేపటి నుంచి బ్రష్ చూడగానే మంచం కింద దూరుతుంది.

సాధారణంగా ఏడాదికి రెండుసార్లు బాగా రాలుస్తుంది. చలికాలం పెద్దగా లేని మన ఊళ్లో ఏడాది పొడవునా ఎంతో కొంత రాలుతూనే ఉంటుంది. ఆడకుక్కకి ఎద అయిన కొన్ని నెలలకి ఇంకా ఎక్కువ రాలుతుంది, కంగారు పడొద్దు. కానీ రాలిన చోట చర్మం నున్నగా కనిపిస్తే, లేదా ఎర్రగా అయితే డాక్టరుకి చూపించాలి.

స్నానం ఎన్నాళ్లకోసారి?

నెలకి లేదా నెలన్నరకి ఒకసారి. స్నానానికి ముందే చిక్కులన్నీ తీసేయాలి, తడిశాక అవి బిగుసుకుపోతాయి. కుక్కల షాంపూయే వాడండి, మన షాంపూ దాని చర్మానికి పడదు. పై బొచ్చు నీటిని జార్చేస్తుంది కాబట్టి మగ్గుతో పోస్తే లోపలికి దిగదు, హ్యాండ్ షవర్‌తో చర్మం దాకా తడపాలి. షాంపూ పోయే దాకా కడగాలి, పోయిందనుకున్నాక ఇంకోసారి కడగాలి.

అసలు పని ఆ తర్వాత. టవల్‌తో అద్ది, డ్రయ్యర్‌ని చల్లగాలి మీద పెట్టి, బ్రష్‌తో బొచ్చు విడదీస్తూ చర్మం ఆరే వరకూ ఆరబెట్టాలి. గంట పట్టినా పట్టొచ్చు. మేడ మీద వదిలేస్తే ఆరిపోతుందిలే అనుకుంటే ఈ ఊళ్లో కుదరదు. పైన ఆరినట్టుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ తడిలో ఫంగస్ పడుతుంది, ఎర్రగా చిత్తడి పుండు లేస్తుంది, రాత్రికి రాత్రే అరచేయంత అవుతుంది. ఇల్లంతా ముక్కిన వాసన వస్తోందంటే ముందు దాని మెడ కింద, చెవుల వెనక వేళ్లు పెట్టి చూడండి. ఆదివారం పొద్దున్నే స్నానం పెట్టుకుంటే మంచిది, తీరిక ఉంటుంది.

కొబ్బరినూనె రాయమని పెద్దవాళ్లు చెబుతారు. పగిలిన అరికాళ్లకి కాస్త రాయొచ్చు. బొచ్చుకి వద్దు, దుమ్మంతా పట్టుకుని జిడ్డు కడుతుంది.

బీచ్‌కి తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా, దానికి చాలా ఇష్టం. జనం రాకముందే వెళ్లాలి. ఆర్కే బీచ్ దగ్గర అలల లాగుడు ఎక్కువ, తొమ్మిది పది కిలోల కుక్కని నీళ్లలోకి వదలకండి. రుషికొండ, భీమిలి వైపు ఖాళీగా ఉండే చోట్ల కూడా పొడుగు తాడు చేతిలో ఉండాలి. తాగే నీళ్లు మీతో పట్టుకెళ్లండి, దాహమేసి సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒడ్డున వలలోంచి పారేసిన చేపలు పడుంటాయి. వాటిలో బంతిలా పొట్ట ఉబ్బే చేప ఉంటే అది ప్రాణాంతకమైన విషం, నోట పెట్టనివ్వకూడదు. గాలాలు, తెగిన వల ముక్కలు ఉంటాయి, కాళ్ల కింద చూసుకోండి.

ఇంటికి రాగానే మంచినీళ్లతో కాళ్లు, పొట్ట కడిగి ఆరబెట్టాలి. ఉప్పు, ఇసుక లోపలి పొరలో మిగిలితే దురదతో కొరుక్కుంటూనే ఉంటుంది.

గోమార్లు పట్టాయి. తెలిసినవాళ్లు ఒక ఇంజెక్షన్‌తో పోతాయంటున్నారు. వేయించనా?

ఈ ఒక్క జవాబు మాత్రం షెల్టీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చదవాలి.

ఆ ఇంజెక్షన్ చాలాసార్లు ఐవర్‌మెక్టిన్ అయి ఉంటుంది. గజ్జికి, గోమార్లకి మన దగ్గర విరివిగా వాడతారు, మామూలు కుక్కల్లో ఎక్కువవాటికి ఏమీ కాదు. కానీ కోలీలు, షెల్టీలు, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌ల వంటి జాతుల్లో కొన్నింటికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మెదడులోకి చేరిన మందుని బయటికి తోసేసే ప్రొటీన్‌ని తయారు చేసే జన్యువు అది. లోపం ఉంటే మందు మెదడులోనే పేరుకుపోతుంది. కుక్క తూలుతుంది, చొంగ కారుతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, చూపు పోతుంది, ఫిట్స్ వస్తాయి, కోమాలోకి వెళ్లి చనిపోవచ్చు కూడా. గుండెపురుగు రాకుండా ఇచ్చే నెలవారీ మాత్రల్లో ఉండే అతి తక్కువ మోతాదు వీటికీ ప్రమాదం కాదు. గజ్జికి, గోమార్లకి ఇచ్చే మోతాదే దానికి ఎన్నో రెట్లు.

ప్రతి షెల్టీకీ ఈ లోపం ఉండదు. ఉందో లేదో పైకి చూస్తే తెలియదు. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి తీసిన నమూనాతో డీఎన్‌ఏ పరీక్ష చేస్తారు, జీవితంలో ఒక్కసారి చాలు. పరీక్ష చేయించేదాకా లోపం ఉందనే అనుకుని నడుచుకోండి. టీకాల పుస్తకం మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో 'ఐవర్‌మెక్టిన్ ఇవ్వకూడదు' అని రాసిపెట్టండి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే బల్ల మీద కుక్కని పెట్టకముందే చెప్పండి. మొహమాటం వద్దు. విరేచనాలకి మనం వేసుకునే లోపెరమైడ్ కూడా ఇదే కోవలోది, ఇంట్లో ఉంది కదా అని వేయకండి. మత్తు ఇచ్చే మందుల్లోనూ ఏస్‌ప్రోమజైన్, బ్యుటార్ఫనాల్ లాంటివాటికి మోతాదు తగ్గించాల్సి ఉంటుంది. ఆపరేషన్ అంటే ముందురోజే గుర్తుచేయండి.

మరి గోమార్లకి ఏం చేయాలి? ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ వంటి నమిలే మాత్రలు ఉన్నాయి, చెప్పిన మోతాదులో ఈ లోపం ఉన్న కుక్కలకీ ఇవ్వవచ్చు. ఫిట్స్ చరిత్ర ఉంటే మాత్రం డాక్టరుకి ముందే చెప్పాలి. రోజూ సాయంత్రం నడక అయ్యాక చెవుల లోపల, మెడ జూలులో, కాలివేళ్ల మధ్య తడిమి చూడండి. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని నిదానంగా నేరుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. మన దగ్గర ఎక్కువగా కనిపించే గోధుమరంగు గోమారి రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకి ఒక్కదానికే మందు వేసి ఇల్లు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

తిండి మానేసి, జ్వరంతో, చిగుళ్లు పాలిపోయి ఉంటే గోమారి జ్వరమేమో అని అదే రోజు రక్తపరీక్ష చేయించండి.

టీకాల సంగతి?

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల తేడాతో నాలుగు నెలలు నిండే దాకా. మూడు నెలలకి రేబిస్, ఆ తర్వాత ఏటా. వానాకాలంలో రోడ్ల మీద నీళ్లు నిలిచే పేటల్లో ఉంటే ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ టీకా ఆలస్యం చేయకండి.

ఏం పెట్టాలి? ఇంట్లో వండింది సరిపోతుందా?

సరిపోతుంది, సమతూకంగా ఉంటే. అన్నం సగానికి మించకూడదు. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, ముళ్లు తీసిన చేప, క్యారెట్, గుమ్మడి, బీన్స్ కలపొచ్చు. ఉప్పు, కారం, తాలింపు వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషమే కాబట్టి మనం తినే పప్పు, సాంబారు, కూర కలిపిన అన్నం పెట్టకండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే. రోజూ పెరుగన్నం ఒక్కటే పెడితే కండ పట్టదు. ఇంటి వంటతోనే పెంచాలనుకుంటే కాల్షియం, విటమిన్ల గురించి డాక్టరుతో మాట్లాడండి.

షెల్టీల్లో రక్తంలో కొవ్వు పెరగడం, పిత్తాశయం, క్లోమం ఇబ్బందులు ఎక్కువ. నెయ్యి, వేపుళ్లు, బిర్యానీ ముక్కలు దీనికి మరీ మంచివి కావు. బొచ్చు వల్ల లావైంది కంటికి తెలియదు, పక్కటెముకల మీద చేయి పెడితే ఎముకలు తగలాలి. మామిడిపండ్ల కాలంలో టెంకలు అందకుండా చూడండి, పేగులో అడ్డం పడతాయి.

అరుపులు ఆపలేకపోతున్నాం. కుక్కర్ విజిల్ వేసినా అరుస్తోంది.

షెల్టీ అరుస్తుంది. ఇది తెలిసే తెచ్చుకోవాలి. గొర్రెలు పంటచేలో పడకుండా అరిచి తరమడం తాతలనాటి దాని ఉద్యోగం. అరుపుని పూర్తిగా మాన్పించలేం, ఎప్పుడు ఆపాలో నేర్పగలం.

అరవగానే మనం కేకలేస్తే అది ఇంకా రెచ్చిపోతుంది. రెండు మూడు అరుపులు అరవనిచ్చి, దగ్గరికెళ్లి మామూలు గొంతుతో 'చాలు' అనండి, ముక్కు దగ్గర చిన్న చికెన్ ముక్క పెట్టండి. వాసన చూడ్డానికి అరుపు ఆపుతుంది. ఆపిన ఆ క్షణంలోనే ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ 'చాలు'కి, ముక్కకి మధ్య ఆగే సమయాన్ని కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి.

కుక్కర్‌కి ఇంకో దారి. విజిల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినపడనంత చిన్నగా పెట్టి, వెంటనే ముక్క ఇవ్వండి. అది చెవులు కదిపి మీ వైపు చూస్తే చాలు. కొన్ని రోజులకి శబ్దం కాస్త పెంచండి. అరిచిందంటే తొందరపడ్డారన్నమాట, మళ్లీ తగ్గించండి. తర్వాత అసలు కుక్కర్. విజిల్ వినగానే వంటింటి గుమ్మం దగ్గర తన చాప మీదికి వెళ్లి కూర్చుంటే ఏదో దొరుకుతుందని దానికి అర్థమవ్వాలి. కాలింగ్ బెల్‌కీ, కూరగాయల బండి మైకుకీ ఇదే పద్ధతి.

కరెంటు షాక్ ఇచ్చే పట్టీలు వద్దే వద్దు. చాలా సున్నితమైన మనసు దీనిది. ఒకసారి భయపడితే అరుపుతోపాటు మీ దగ్గరికి రావడమూ మానేస్తుంది.

పిల్లలు పరిగెడితే మడమలు పట్టుకుంటోంది. బైకుల వెంట పడుతోంది.

రెండూ ఒకటే. కదిలేదాన్ని మళ్లించాలనే పుట్టుబుద్ధి. మడమ పట్టుకోగానే పిల్లలు చెట్టులా నిలబడిపోవాలి, ఆట ఆగిపోవాలి. దానికి బంతి తెచ్చివ్వడం లాంటి వేరే పని నేర్పండి. బైకుల సంగతి ప్రాణాల మీదికొచ్చేది, అందుకే రోడ్డు మీద ఎప్పుడూ తాడు తీయకండి. మద్దిలపాలెం, గాజువాక లాంటి రద్దీ చోట్ల మొదలుపెట్టకుండా, నిశ్శబ్దంగా ఉండే వీధిలో దూరంగా బైకు కనిపించినప్పుడు మీ వైపు చూస్తే ముక్క ఇస్తూ రండి. దూరం మెల్లగా తగ్గించండి. మెడ మీద లాగుడు పడకుండా ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి.

శిక్షణ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంగ్లిష్‌లోనే చెప్పాలా?

ఇంటికొచ్చిన రోజు నుంచే. ఏ భాషైనా దానికి ఒకటే, కాకపోతే ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. నాన్న 'సిట్' అని, అమ్మమ్మ 'కూకో' అని, తమ్ముడు 'కూర్చో' అంటే పాపం ఏది వినాలి? ఫ్రిజ్ మీద మాటల పట్టీ అంటించండి. రోజుకి మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. చాలా చురుకైన జాతి, తొందరగా పట్టేస్తుంది, అంతే తొందరగా విసుగుపడుతుంది. కొట్టడం, అరవడం అసలు పనికిరావు.

మూడు నెలల్లోపు కొత్త మనుషులు, శబ్దాలు, ఆటోలు అన్నీ చూడాలి, లేకపోతే పెద్దయ్యాక పిరికిదవుతుంది. టీకాలు పూర్తికాలేదు కాబట్టి నేల మీద దించకుండా చంకనేసుకుని తిప్పండి.

దీపావళికి ఏం చేయాలి?

చీకటి పడకముందే నడక, తిండి ముగించండి. కిటికీలు మూసి, లోపలి గదిలో ఫ్యాను, టీవీ పెట్టి దాని దగ్గర ఒకరు ఉండండి. దాక్కుంటే దాక్కోనివ్వండి. ఆ వారమంతా మెడపట్టీకి ఫోన్ నంబరు ఉండాలి. ఏటా వణికిపోయే కుక్క అయితే పండగకి రెండు వారాల ముందే డాక్టరుతో మందుల గురించి మాట్లాడండి.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కుక్క వద్దంటున్నారు.

అలా నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాగితం చూపించేకంటే ముందు మన వైపు పని మనం చేస్తే గొడవ ఉండదు. లిఫ్టులో తాడు పొట్టిగా పట్టుకోవడం, మలం సంచిలో ఎత్తడం, మధ్యాహ్నం ఒంటరిగా వదిలి అరిపించకపోవడం. రేబిస్ టీకా సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) రిజిస్ట్రేషన్ సంగతి కూడా కనుక్కుని పూర్తిచేయండి.

పిల్లని కొనేముందు ఏం చూడాలి?

తల్లిని చూడండి. బూడిద, నలుపు కలిసిన మచ్చలున్న 'బ్లూ మెర్ల్' రంగుకి ఎక్కువ ధర చెబుతారు. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్ల్ అయితే పుట్టిన పిల్లల్లో కొన్నింటికి చెవుడు, గుడ్డితనం రావచ్చు. అలాంటి ఈత పిల్లల్ని కొనకండి, ఎంత తగ్గించి ఇచ్చినా. కంటి వెనక పొర లోపం ఈ జాతిలో ఉంది, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య డాక్టరు పరీక్షిస్తే తెలుస్తుంది. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి విడదీసిన పిల్లని తీసుకోవద్దు.

వయసు మీదపడ్డాక ఏ జబ్బులు వస్తాయి?

థైరాయిడ్ తగ్గడం: బరువు పెరుగుతుంది, బొచ్చు పలచబడుతుంది, రోజంతా పడుకుంటుంది. పిత్తాశయంలో జిగురు పేరుకోవడం: వాంతులు, తిండి మానేయడం, కళ్లు పచ్చబడటం. పళ్లపాచి. ఏడేళ్లు దాటాక ఏటా ఒకసారి రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేయిస్తే మంచిది.

ఊరెళ్లాలంటే రైల్లో తీసుకెళ్లొచ్చా?

ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీదే అయితే వెంట తీసుకెళ్లొచ్చు. పార్సిల్ ఆఫీసులో బుక్ చేయించాలి, టీకా కాగితాలు, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు. గార్డు పెట్టెలో ఉండే కుక్కల బోనులో పంపే వీలుంది కానీ వేసవిలో షెల్టీని అందులో పంపకండి, గాలి ఆడదు. అరకు లాంటి దగ్గరి ప్రయాణానికి కారే నయం. ఘాట్ మలుపుల్లో వాంతి చేసుకుంటుంది కాబట్టి బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండండి.